సుత్తి ముట్టొద్దన్నారు

లెక్కల టీచరు నీలవేణికి ఒక పాడు అలవాటుంది. ఏదైనా ఎందుకు జరిగిందో తెలియకపోతే ఆవిడకి అన్నం సయించదు. చిన్నప్పుడు గజపతినగరం దగ్గర పల్లెలో, చోళ్ళూ నువ్వులూ వేసుకునే మెట్ట పొలం గట్టు మీద కూర్చుని "ఎందుకూ, ఎందుకూ" అని అడిగి తల్లి చేత మొట్టికాయలు తినేది. ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివిందీ ఆవిడే. అలాంటి మనిషికి అరసవల్లిలో, అద్దెకున్న మేడ మీద వాటాలో, రెండు నెలలుగా ఒక ప్రశ్న చేపముల్లులా గొంతులో గుచ్చుకుని కూర్చుంది.

పైపుల షాపున్న మనిషి తన ఇంట్లో పైపెందుకు బాగుచేయించడు?

ఇల్లుగలాయన పేరు తిరుమలరావు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఆయనకి పైపులు, కుళాయిలు, సింకులు అమ్మే షాపుంది. కింది వాటాలో ఆయన, భార్య ధనలక్ష్మి, తల్లి కూర్మమ్మ ఉంటారు. పైన నీలవేణి, ఆమె భర్త ధర్మేంద్ర. పిసినారి అందామంటే తిరుమలరావు పిసినారి కాదు. మెట్ల మీద బల్బు మాడిపోతే ఆ సాయంత్రమే కొత్తది పెట్టాడు. తలుపు గడియ వదులైతే తనే స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి బిగించాడు. ఆషాఢంలో ఒకనాడు వంటగది గోడ చెమ్మగిల్లి, సాయంత్రానికి నీళ్ళు ధార కట్టినప్పుడు కూడా పరుగున పైకొచ్చింది ఆయనే. డాబా మీద ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, ప్లంబరు సూరయ్యని పిలిపించాడు.

సూరయ్య గోడకి చెవి ఆనించి, వేళ్ళతో తట్టి చూసి, "గోడలో పైపు సిట్లిపోనాదమ్మా. ఎల్లుండొచ్చి గోడ కొట్టి కొత్త ముక్క ఏసెస్తాను. ఒక్క పూట పని," అన్నాడు.

ఎల్లుండి రాలేదు. ఆ తరవాతా రాలేదు. వాల్వు కట్టేసి ఉంది గనక పై వాటాకి చుక్క నీరు లేదు. పెరట్లో కుళాయి దగ్గర పట్టుకుని, ఇరవై రెండు మెట్లెక్కి, బిందెలతో బకెట్లతో మోసుకోవడమే.

ధర్మేంద్ర ట్రాక్టర్ల కంపెనీలో మెకానిక్కు. వారంలో నాలుగు రోజులు ఊళ్ళు తిరుగుతాడు. "నాను సెప్పలేదనుకున్నావేటి?" అన్నాడు. "సూరయ్య వొచ్చి సూసెల్లిన మర్నాడే, టెక్కలి బస్సెక్కబోతా కాంప్లెక్సు కాడ్నుంచి ఫోను సేసాను. మామ్మగారెత్తారు. ఇలగిలగ అని సెప్పాను. 'అలగా నాయినా! నాను సూసుకుంటాను, నువ్వు బెంగెట్టుకోకు' అన్నారు. ఎంత సంతోషంగా మాటాడారో!"

"పైపు పగిలితే సంతోషమేటి బావా?"

"పెద్దోళ్ళు కదే. మంచి మనసు."

నీలవేణికి ఈ జవాబు రుచించలేదు. ఒక ఆదివారం తిరుమలరావు గేటు దగ్గర బండి తుడుచుకుంటుంటే దిగి వెళ్ళి అడిగింది.

"తిరుమలరావుగారూ, ఆ గోడ పని..."

ఆయన గుడ్డ పక్కన పెట్టి తల దించుకున్నాడు. ఎప్పుడూ మొహం చూసి మాట్లాడే మనిషి, ఆ వేళ స్కూటరు చక్రంతో మాట్లాడాడు. "సేయిస్తాను తల్లీ. ఉగాది వెళ్ళనీ. ఉగాది వెళ్ళాక ఆ గోడేటి, మొత్తం కొట్టించీసి కొత్త పైపులు ఏయించెస్తాను."

"ఉగాదా! ఇప్పుడింకా ఆషాఢం కదండీ."

"అవునమ్మా. మరి అది మన సేతిలో ఉన్నాదా సెప్పు?" అని, "నువ్వు మాత్రం బరువులెత్తకు. ధర్మేంద్ర సేత మోయించు," అన్నాడు. అని లోపలికెళ్ళిపోయాడు.

పైపు ముక్క మార్చడం ఎవరి చేతిలో లేదు? ఉగాదికీ గోడకీ ఏమిటి సంబంధం? ఆ రాత్రి అన్నాలప్పుడు ఇదే మాట. ధర్మేంద్ర మూఢం వచ్చిందేమో అన్నాడు. నీలవేణి క్యాలెండరు తీసి చూసింది. శ్రావణం నిండా గృహప్రవేశాల ముహూర్తాలే. షాపులో పైపులు అయిపోయాయేమో అన్నాడు. మర్నాడు స్కూలు నుంచి వస్తూ ఆవిడ షాపు ముందు నుంచే నడిచి వచ్చింది. గుమ్మం బయట కూడా కట్టలు కట్టలుగా నిలబెట్టి ఉన్నాయి.

"ట్రాక్టరైతే నానే విప్పీసేవోణ్ణి," అన్నాడు ధర్మేంద్ర. "ఒకరి గోడ మనం ఎలగ విప్పుతాం? ఇల్లు మారిపోదాం నీలా."

ఆమె ఊఁ అనలేదు. దానికో కారణముంది. అది అతనికీ తెలుసు. ఇద్దరూ పైకి అనుకోరు.

పెళ్ళయి నాలుగేళ్ళు. అత్తవారి ఊళ్ళో ఉన్న మూడేళ్ళూ, నూతి దగ్గరైనా పేరంటంలోనైనా, ఎదురైన ఆడమనిషి చూపు ముందు నీలవేణి కడుపు మీద పడి, తరవాతే మొహం మీదకి వచ్చేది. "ఏటైనా ఉన్నాదేటి?" అనేవారు. లేదంటే "అయ్యో పాపం" అనేవారు. ఆ రెండో మాట మొదటి దానికంటే ఎక్కువ కాల్చేది. ఈ ఇంట్లో దిగి పది నెలలైంది. కూర్మమ్మ ఆమెను ఎన్ని అడగలేదు! మీ పొలంలో ఏటి పండుతాది, మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులేటి, బడిలో పిల్లలు మాట వింటారేటి అని అన్నీ అడిగింది. ఆ ఒక్కటీ అడగలేదు. నీళ్ళు లేని ఇల్లయితే అయింది గానీ, అడగని ఇల్లు అది. అలాంటిది మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం నీలవేణికి లేదు.

అందుకని మారడం మానేసి, చదువుకున్న మనిషి చేసే పని చేసింది. ఉత్తరం రాసింది. తెల్లకాగితం మీద మార్జిను మడిచి, "గౌరవనీయులైన తిరుమలరావుగారికి" అని మొదలుపెట్టి, ఏ తేదీన గోడ చెమ్మగిల్లిందీ, సూరయ్య ఏమన్నదీ వరసగా రాసి, చివర్న "నా ప్రస్తుత పరిస్థితిలో నీళ్ళు మోయడం చాలా కష్టంగా ఉన్నది. నడుము నొప్పి కూడా వస్తున్నది. దయచేసి గమనించగలరు" అని సంతకం పెట్టి, ధనలక్ష్మి చేతికిచ్చింది.

ఉత్తరం పని చేసింది. మర్నాడు ఏడింటికల్లా సూరయ్య తలుపు తట్టాడు. నీలవేణి గుండె నిండింది. పొయ్యి మీద టీ నీళ్ళు కూడా పెట్టింది.

సూరయ్య చేతిలో రెండు బకెట్లున్నాయి. నిండుగా నీళ్ళు.

"ఎక్కడ పొయ్యాలమ్మా?"

"అదేటి సూరయ్యా? ఉలీ సుత్తీ ఏవీ?"

"తేలేదమ్మా. ఓనరుగారు రోజూ పొద్దుటా సాయంత్రం నీళ్ళు ఎక్కించమన్నారు."

"పైపు బాగుచేసే చేత్తో బకెట్లు మోస్తున్నావేటి? గోడ కొట్టేస్తే ఒక్క పూటలో పోతుంది కదా!"

"నానూ అదే అన్నాను. సుత్తి ముట్టొద్దన్నారు. గోడ మీద సెయ్యేస్తే ఊరుకోనని మామ్మగారు." సూరయ్య డ్రమ్ములో నీళ్ళు గుమ్మరించి నుదురు తుడుచుకున్నాడు. "ముప్పయ్యేళ్ళ సర్వీసమ్మా నాది. నీళ్ళు గోడలోంచి తెప్పించాను గానీ, మెట్ల మీంచి తెప్పించడం ఇదే మొదలు. మాయావిడికి సెప్పకండి, నవ్వుద్ది."

టీ అతనే తాగి వెళ్ళాడు.

మనిషిని పెట్టి నీళ్ళు మోయిస్తారు గానీ గోడ కొట్టరు! నీలవేణికి కోపం రావాల్సింది. రాలేదు. కుతూహలం కోపానికి చోటివ్వలేదు. మధ్యాహ్నం స్కూలు స్టాఫు రూములో కూర్చుని, పిల్లల పరీక్ష కాగితం వెనక ఆ గోడ బొమ్మ గీసి చూసుకుంది. గోడలో ఏదైనా దాచారా? ఈ గోడే పడిపోతుందని భయమా? అంత భయమైతే తమని ఖాళీ చేయమనాలి కదా.

ఇంకోటి కూడా ఉంది. కింద నుంచి గిన్నెలు రావడం మొదలైంది. ఒకరోజు దబ్బకాయ ఊరగాయ, ఒకరోజు చింతకాయ పచ్చడి, ఒకరోజు మామిడి తాండ్ర. నీలవేణికి పులుపు పడదు. అన్నీ ధర్మేంద్రే లాగించాడు. "మామ్మగారికి నామీదెంత పేమే!" అని మురిసిపోయాడు. ధనలక్ష్మి గిన్నె అందిస్తూ మొహంలోకి ఒకలా చూసేది. నవ్వీ నవ్వనట్టు. "బాగున్నావా?" అని మెల్లిగా అడిగేది. బాగానే ఉన్నానంటే, "వాంతులేటి లేవు కదా?" అనేది. ఊళ్ళో నీళ్ళ విరేచనాలు ఎక్కువగా ఉన్న రోజులవి. అందుకడిగిందనుకుంది నీలవేణి.

ముడి వీడింది గ్రహణం రోజున.

భాద్రపద పౌర్ణమి, ఆదివారం. రాత్రికి చంద్రగ్రహణం. డాబా మీదకెక్కి చూసి, ఎప్పుడు మొదలైందీ ఎంత మూసిందీ రాసుకు రమ్మని నీలవేణి తన తరగతి పిల్లలందరికీ చెప్పింది. తను కూడా చూడాలని ఉబలాటపడుతోంది. పొద్దున్న పెరట్లో బట్టలారేస్తుంటే కూర్మమ్మ అరుగు మీంచి కేకేసింది.

"ఒలే నీలవేణీ! మజ్జానం నుంచి కత్తిపీట ముట్టుకోకు. సూదిలో దారం ఎక్కించకు. పొద్దోయాక గుమ్మం దాటకు. కిటికీలు మూసీసి తిన్నగా ఎల్లకిలా పడుకో. తెలిసిందా?"

"అదేటి మామ్మా, నేను గ్రహణం చూద్దామనుకుంటున్నాను."

"సూస్తావా! ఒలమ్మ ఒలమ్మ, ఇది సదువుకున్నాదంట! గుమ్మంలోంచి తొంగి సూసావంటే కాళ్ళిరగ్గొడతాను."

"ఎందుకు మామ్మా?"

"ఎందుకేటే? నీ మంచికే."

నీలవేణి అరుగు చివర చూసింది. అక్కడ ధనలక్ష్మి కత్తిపీట ముందేసుకుని ఆనపకాయ తరుగుతోంది. "మరి అక్కా? అక్క మజ్జానం కూరలు తరగదా? డాబా ఎక్కదా?"

"అదీ నువ్వూ ఒకటేటే, పిచ్చి మొకమా!" అంది కూర్మమ్మ. ధనలక్ష్మి ఆనపకాయలోకి తల దూర్చి నవ్వింది.

నీలవేణి చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకోకూడని మనిషి, పులుపు తినాల్సిన మనిషి, బరువెత్తకూడని మనిషి, వాంతులవ్వాల్సిన మనిషి. గోడ కొట్టకూడదు. ఎలా తట్టలేదు తనకి? పుట్టింట్లో వదినకి కడుపని తెలిసిన రోజున నాన్న పశువుల సాల గోడ సగంలో ఆపేశాడు. కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఆ ఇంట్లో గోడ పగలగొట్టకూడదు, మేకు దిగ్గొట్టకూడదు. మేనల్లుడు పుట్టేదాకా గేదెలు ఆ సగం గోడ వెనకే తడిశాయి. వేళ్ళు మడిచింది. ఆషాఢం ఒకటి, శ్రావణం రెండు, భాద్రపదం మూడు... ఫాల్గుణం తొమ్మిది. ఆ తరవాత ఉగాది.

పైకెళ్ళి ధర్మేంద్రని నిద్ర లేపింది. "ఆ రోజు ఫోన్లో మామ్మగారితో ఏటన్నావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏ రోజు?"

"కాంప్లెక్సు దగ్గర్నుంచి."

అతను కళ్ళు నులుముకున్నాడు. "ఏటన్నాను... బస్సులు హారన్లు కొడతన్నాయి కదా, బిగ్గరగా అరిసాను. 'మామ్మగారూ, మాయావిడ నీళ్ళు మోసుకుంటన్నాది, మీరే కొద్దిగా సూసుకోవాలి' అన్నాను. అంతే."

నీలవేణి ఆ మాటని పెదాల మీద ఒకసారి అనుకుంది. గబగబా మళ్ళీ అంది. హారన్ల మధ్య, డెబ్భై ఏళ్ళ చెవిలో పడినట్టుగా ఇంకోసారి అంది.

"నీళ్ళు మోసుకుంటన్నాది. నీళ్ళోసుకున్నాది."

ధర్మేంద్ర పకపకా నవ్వాడు. భార్య మొహం చూసి, సగంలో ఆపేశాడు.

తరవాత అతను, "సెప్పకపోతే ఏటవుద్ది?" అన్నాడు నెమ్మదిగా. "నీళ్ళు సూరయ్య మోస్తన్నాడు. నువ్వు సెప్పినావంటే ఇక్కడా ఆ మాటలు మొదలవుతాయి."

"ఇంకో రెండు నెలలు పోతే నా కడుపు వైపు చూస్తారు బావా. అప్పుడేం చెప్తాం?"

"ఇల్లు మారిపోదాం."

"గోడ ఎందుకు కొట్టలేదో మనకి తెలిసింది గానీ, మారితే నేనెందుకు వెళ్ళిపోయానో వాళ్ళకి తెలియదు. అదేం బాగుంటుంది?" అని కొంగు దోపుకుని మెట్లు దిగింది. ఈ మెట్లు దిగి ఆ మాట చెబితే గోడ బాగవుతుంది, అడగని ఇల్లు పోతుంది. ఆ సంగతి తెలిసే దిగింది.

కూర్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "ఏటే, కళ్ళు తిరుగుతన్నాయేటి?"

"లేదు మామ్మా. నేను నీళ్ళోసుకోలేదు. మోసుకుంటన్నాను. పైపు పగిలింది కదా, నీళ్ళు మోసుకుంటన్నానని చెప్పాడు మా బావ. మీకు ఇంకోలా వినబడింది."

కూర్మమ్మ చెయ్యి బియ్యంలో ఆగింది. "మోసుకుంటన్నాది," అంది తనలో తను. "ఓసుకున్నాది." చేట పక్కన పెట్టేసింది. "ఒలమ్మో! ఆ బస్సుల కాడ నిలబడి ఎవుడు ఫోను సెయ్యమన్నాడే ఆ గుంటణ్ణి! మూడో నెల వెళ్ళీదాకా ఎవుళూ నోరెత్తొద్దని ఇంట్లో అందరి నోళ్ళూ కట్టీసాను. కాగితమ్ముక్కలో కూడా నా పరిస్థితి, నడుము నొప్పి అని రాసావు కదే!"

"బిందెలు మోసి నడుము నొప్పి మామ్మా."

ముసలామె నవ్వబోయి, నీలవేణి మొహంలోకి చూసింది. "అయితే లేదా?"

"లేదు."

"పెళ్ళయ్యి ఎన్నేళ్ళే?"

వచ్చింది. పది నెలలుగా ఈ ఇంట్లో రాని మాట. నీలవేణి అరుగు అంచు పట్టుకుంది. "నాలుగు."

"డాకటేరుకి సూపించారా?"

"విశాఖపట్నంలో చూపించాం. ఇద్దరికీ ఏ లోపమూ లేదన్నారు."

"లోపం లేకపోతే మరెందుకు లేదంట?"

"అదే నేనూ అడిగాను మామ్మా. డాక్టరమ్మకీ తెలియదంట."

"తెలీదంటే? అంత సదువు సదివి, అన్ని మిషన్లెట్టుకుని తెలీదేటి!"

ఆ గొంతులో జాలి కోసం నీలవేణి వెతికింది. లేదు. ముసలామె నిజంగా ఆశ్చర్యపోతోంది. సుత్తి ఏదని సూరయ్యని తను అడిగినట్టే అడుగుతోంది. ఎందుకో తెలియక, తెలుసుకుందామని. ఎవరూ నీలవేణిని అలా అడగలేదు. అరుగు మీద కూర్చుంది. ఏ పరీక్ష చేశారో, ఏ మాత్రలిచ్చారో, ఎక్స్‌రేలో ఏం చూశారో చెప్పింది. అడిగిన దానికంటే ఎక్కువే చెప్పింది. కూర్మమ్మ మధ్య మధ్యలో "అదెలగ తీస్తారు? నొప్పెట్టదా?" అంటూ, బియ్యం సంగతి మర్చిపోయి విన్నది. చివర్న చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "రేపు గోడ కొట్టించెస్తాను," అంది. "గ్రహణం మాత్రం సూసుకో ఎల్లి. ఏటి కనబడ్డాదో నాకు కూడా సెప్పు."

మర్నాడు ఏడింటికి సూరయ్య ఉలీ సుత్తీ పట్టుకొచ్చాడు. మనిషి మొహం వెలిగిపోతోంది. "ఇయ్యాల్టి నుంచి నా పని నాకిచ్చీసారమ్మా!" అని గోడ మీద మొదటి దెబ్బ వేశాడు. తరవాత ఇంకోటి. రెండు నెలలు ఆ చప్పుడు కోసం ఎదురుచూసిన నీలవేణికి, అది ఇంత పెద్దగా ఉంటుందని తెలియదు. వీధి చివరిదాకా వెళుతోంది.

మూడో దెబ్బకి ఎదురింటి దేముడమ్మ గొంతు లేచింది. "ఏటి పిన్నీ! సుత్తి మోగుతన్నాది! మీ మేడ మీద పిల్ల నీళ్ళోసుకున్నాదన్నారు కదేటి?"

నీలవేణి చెయ్యెత్తి సూరయ్యని ఆపింది. నోళ్ళు కట్టేశానన్న ఇంట్లోంచి ఆ మాట ఎప్పుడో వీధి దాటింది. అందరికీ తెలుసు. కింద కూర్మమ్మ అరుగు మీద ఉంది.

"లేదంట!" అంది కూర్మమ్మ, దాపరికమేమీ లేకుండా. "ఆ గుంటడు మోసుకుంటన్నాది అంటే నాను ఓసుకున్నాది అనుకున్నాను. నా సెవుల తప్పు."

తరవాత వచ్చే మాట ఏమిటో నీలవేణికి తెలుసు. మూడేళ్ళు విన్నదే. వంటగది కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది.

"ఓస్, అంతేనా!" అంది దేముడమ్మ. "ఎదురిల్లే కదా, ఆ పిల్లకి మంచిది కాదేమోనని నానూ రెండు నెల్లు ఆపుకున్నాను పిన్నీ. మా సింకు కింద గోడంతా నానిపోయి కంపు కొడతన్నాది. ఆ పనయ్యాక సూరయ్యని ఇటు తోలు!"

"తోల్తాను. ముందు మాది అవ్వనీ!"

సూరయ్య సుత్తి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "కొట్టమంటారా అమ్మా?"

"కొట్టు," అంది నీలవేణి.

ఇటుక పెళ్ళ ఊడి పడింది. లోపల చీకట్లో తడి మట్టి వాసన. సూరయ్య ఉలి పక్కన పెట్టి తొంగి చూడబోయాడు. నీలవేణి ఫోనులో లైటు వేసి అతన్ని జరగమంది. "ఉండు సూరయ్యా, ఎక్కడ చిట్లిందో ముందు నన్ను చూడనీ."